సాయిలు మాత్రలు, నా లెక్కలు

నన్ను నిజామాబాద్‌లో ఒక ఏఆర్‌టీ కేంద్రానికి సీనియర్ వైద్యాధికారిగా వేసింది నా రిటైర్మెంట్‌కు ఏడేళ్ల ముందు, మృగశిర కార్తె దాటిన వారంలో. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు జీవితాంతం వాడాల్సిన మందులు ఉచితంగా ఇచ్చే చోటును ఏఆర్‌టీ కేంద్రం అంటారు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ధర్పల్లి వైపు పల్లెల్లో జ్వరాలు, కాన్పులు చూసుకుంటూ గడిపాను. కొత్త పోస్టులో నా కింద ఒక ఫార్మసిస్టు, ఇద్దరు కౌన్సెలర్లు, ఒక నర్సు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవారు. నా పైన ఎవరూ లేరని నా అభిప్రాయం.

ఆ కేంద్రంలో ప్రతి రోగికీ రెండు పత్రాలుంటాయి. గ్రీన్ బుక్ రోగి దగ్గర ఉంటుంది. వైట్ కార్డు మా బీరువాలో ఉంటుంది. ఏ రోజు ఎన్ని మాత్రలు ఇచ్చాం, ఎన్ని మిగిలాయి, డాక్టరు ఏం చెప్పారు అన్నీ అందులోనే రాయాలి. రోగి నెలనెలా డబ్బా తెస్తాడు, మిగిలిన మాత్రలు లెక్కపెడతాం. నూటికి తొంభై ఐదుకు తగ్గకుండా మింగి ఉంటేనే మందు సరిగ్గా వాడినట్టు. ఈ లెక్క ఫార్మసిస్టు పని. నేను మాత్రం స్టీలు పళ్లెం ఒకటి తెప్పించుకుని, చిన్న గరిటెతో నా టేబుల్ మీదే లెక్కపెట్టేదాన్ని. రోగులు నన్ను వెనక టీచరమ్మ అనేవారట. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. అదే సమయంలో నాకు బీపీ మాత్ర ఉండేది. దాన్ని వారానికి నాలుగు రోజులు మింగి, చెకప్‌కు వెళ్లినప్పుడు మాత్రం రోజూ మింగుతున్నానని చెప్పేదాన్ని. ఈ రెండు విషయాలనూ ఒకే బుర్రలో పెట్టుకుని ఏ ఇబ్బందీ లేకుండా తిరిగాను.

సాయిలు నా మొదటి ఏడాదిలోనే కేంద్రానికి వచ్చాడు. అప్పటికి నలభై లోపు వయసు. బోధన్ వైపు ఒక చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసేవాడు. చెరుకు ఆడే ఒక సీజన్‌లో రోలరు దగ్గర జారిపడి నడుము దెబ్బతింది. ఊళ్లో సూదులేసే ఒకతను నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాడు. అది నల్లమందు జాతికి చెందిన మందు. కొన్నాళ్లకు నొప్పి పోయింది గాని సూది పోలేదు. మిల్లు మూతపడ్డాక పనిలేని మరో నలుగురితో కలిసి ఒకే సిరంజి వాడుకునేదాకా వచ్చింది. హెచ్ఐవీ అలా అంటింది. భార్య గంగామణి బీడీలు చుడుతుంది. ఆమెకు పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఆరునెలలకోసారి మళ్లీ చేస్తూ ఉండాలి.

సూది మానడానికి బోధన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న కేంద్రంలో అతనికి బుప్రెనార్ఫిన్ మాత్ర ఇచ్చేవారు. అదీ నల్లమందు జాతి మందే. కాని సరైన మోతాదులో తలకెక్కదు, సూది మానినప్పుడు వచ్చే వణుకు, ఒళ్లునొప్పులు రాకుండా కాపాడుతుంది. దాన్ని ఇంటికివ్వరు. రోజూ పొద్దున వెళితే అక్కడి నర్సు మాత్రను నలిపి నాలుక కింద వేస్తుంది, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెడుతుంది, తరవాత నోరు తెరిపించి చూస్తుంది. ఆ నర్సు పేరు సునంద. ఒక మత్తు మానడానికి ఇంకో మత్తు ఇవ్వడమేమిటని నేను ఆమెతో ఫోనులో ఒకసారి వాదించాను. నేను చదువుకున్న రోజుల్లో ఈ వైద్యం లేదు, కాబట్టి అది తప్పని నా తర్కం.

నేను చేరిన నాలుగో ఏడాదికి మాకు వైరల్ లోడ్ పరీక్ష అందుబాటులోకి వచ్చింది. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. మందు పనిచేస్తుంటే వైరస్ దొరకకూడదు. వెయ్యి దాటితే ఏదో తేడా ఉన్నట్టు. సాయిలుది వేలల్లో వచ్చింది.

అతన్ని పిలిపించి, తలుపు మూసి, రోజూ మింగుతున్నావా అని అడిగాను. మింగుతున్నానన్నాడు. అబద్ధం చెప్పొద్దన్నాను.

"అబద్దమెందుకు జెప్త మేడం. ఒక్కనాడు గూడ ఇడ్వలే," అన్నాడు.

అతను తెచ్చిన డబ్బాను పళ్లెంలో వంచి లెక్కపెట్టాను. ఒక్క మాత్ర తేడా లేదు. లెక్క సరిపోయినందుకే నాకు అనుమానం పెరిగింది. తేడా వచ్చి ఉంటే మింగడం లేదని తేలిపోయేది. తేడా రాలేదంటే మింగకుండా పారబోసి, లెక్క సరిచేసి తెస్తున్నాడని అర్థం. సూది అలవాటున్న మనిషికి అలాంటి తెలివి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇక అతను ఏం చేసినా నిర్దోషి అయ్యే దారి లేదని అప్పుడు నాకు తట్టలేదు.

వైరల్ లోడ్ ఎక్కువ వస్తే మూడు నెలలు గట్టి కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్ష చేయాలన్నది నియమం. నేను దానికి ఆకస్మిక తనిఖీ జోడించాను. అతని ఊరు బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డు దిగి చెరుకు తోటల మధ్యగా పోవాలి. ఆసుపత్రి జీపులో వెళితే ఊరికి జబ్బు సంగతి తెలిసిపోతుందని, జాగ్రత్తగా నా సొంత కారులో వెళ్లాను. ఆ జాగ్రత్త కాలువ దాటేదాకా పనికొచ్చింది. తరవాత కారు ముందు చక్రాలు బురదలో దిగిపోయాయి. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన పదిమంది మరాఠీలో కేకలేసుకుంటూ కారును తోశారు. కారు పైకి లేచేసరికి సగం ఊరు గట్టు మీద నిలబడి ఉంది. ఎవరింటికి అని అడిగారు.

గంగామణి ఆ గుంపులోంచి ముందుకొచ్చింది. నన్ను చూసింది, విషయం అర్థమైంది. అందరికీ వినపడేలా, ఈమె బీడీ కార్మికుల దవాఖాన మేడమని, దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లను చూడడానికి వచ్చిందని చెప్పింది. దాంతో నేను వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఏడుగురు ఆడవాళ్ల దగ్గు విని, ఒకావిడ మోకాళ్లు చూసి, పొగాకు దుమ్ము గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల రహస్యాన్ని నేను బజార్లో పెట్టబోతే, ఒక్క మాటతో ఆమె కాపాడింది. అప్పటికైనా ఆ ఇంట్లో ఎవరికి ఎక్కువ తెలివి ఉందో నేను గ్రహించి ఉండాల్సింది.

అందరూ వెళ్లాక ఆమె బీడీలు చుట్టే తునికాకు కట్టల వెనక దాచిన మాత్రల డబ్బా తీసి చూపించింది. గోడ మీద క్యాలెండర్ చూపించింది. ప్రతి తేదీ మీద బొగ్గుతో చిన్న గీత.

"రోజు నా ముందట్నే మింగుతడు డాక్టరమ్మ. మింగినంక నేనే గీత గీస్త," అంది.

గీతలు ఎవరైనా గీయొచ్చని నేను తిరుగుదారిలో అనుకున్నాను. అని, ఇంటికి చేరి కారులోని బురద తుడుచుకుంటూ ఒక కొత్త పథకం వేశాను. సాయిలు రోజూ పొద్దున బోధన్‌లో సునంద ముందు బుప్రెనార్ఫిన్ తీసుకుంటాడు కదా, అదే సమయంలో మా మాత్ర కూడా ఆమె ఎదుటే మింగాలి. అలా మూడు నెలలు. ఆ తరవాత పరీక్ష.

సునంద ఒప్పుకోలేదు. మా హెచ్ఐవీ మాత్రలో మూడు మందులు కలిసి ఉంటాయి, వాటిలో ఒకటి ఎఫావిరెంజ్. దానివల్ల తల తిరుగుతుంది, అందుకే పడుకునే ముందు మింగమంటారు. పొద్దున మింగితే ఆ మనిషి సైకిలు మీద ఇంటికెలా పోతాడని ఆమె అడిగింది. కావాలంటే రాతపూర్వకంగా ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా, ముద్ర వేసి.

సాయిలు సరేనన్నాడు. అప్పట్లో అతను పసుపు కొమ్ములు పాలిష్ పట్టే ఒక మిల్లులో మిషన్లు చూసుకునేవాడు. పొద్దున బోధన్ వచ్చి రెండు మందులూ తీసుకుని, సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్లేవాడు. మూడో వారంలో కాలువ గట్టు మీద పడి మోచేయి చీరుకుంది. పనిలో తూలుతూ ఉండేవాడు. మాట ముద్దగా వచ్చేది. మళ్లీ సూది మొదలుపెట్టాడని మిల్లు యజమాని అనుకున్నాడు. బెల్టులు తిరిగే చోట అలాంటివాణ్ని ఉంచలేనని పనిలోంచి తీసేశాడు. యజమానిని తప్పుపట్టలేను. సాయిలు అసలు కారణం చెబితే జబ్బు పేరు చెప్పాలి. చెప్పలేదు.

ఈ సంగతి సునంద ఫోన్ చేసి చెప్పింది. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. ఇంకా రెండు నెలలే కదా, కానీయమన్నాను.

మూడు నెలలు నిండాయి. సునంద రిజిస్టర్ పంపింది. తొంభై రోజులు, తొంభై సంతకాలు. పండగ రోజున, వాన పడిన రోజున, మోచేతికి కుట్లు పడిన మర్నాడు కూడా. రక్తం పంపాం. రిపోర్టులో వైరస్ తగ్గకపోగా కొంచెం పెరిగింది.

సునందకు ఫోన్ చేసి, మాత్ర నిజంగా మింగాడా, నాలుక కింద దాచి బయట ఊశాడా అని అడిగాను. నా పట్టుదలలో చివరి ముక్క అది.

"మేడం, నోరు తెరిపిచ్చి నేనే సూసిన. తొంభై దినాలు సూసిన. మీరు మనిషిని పరీక్ష వెట్టిన్రు, ఆయన పాసయిండు. ఇగ మందును పరీక్ష వెట్టున్రి," అంది.

ఆమె మాటలో వైద్యశాస్త్రం పూర్తిగా ఉంది. మనిషి మింగుతున్నా వైరస్ తగ్గడం లేదంటే ఆ వైరస్ మందుకు లొంగడం మానేసిందని అర్థం. దీన్ని ఔషధ నిరోధకత అంటాం. అప్పుడు మందులు మార్చాలి. మార్చే అధికారం నాకు లేదు. హైదరాబాద్‌లో నిపుణుల ప్యానెల్ ఉంటుంది, వాళ్లకు రోగి చరిత్ర మొత్తం ఫారంలో నింపి పంపాలి. ఆ ఫారంలో ఒక గడి: మందు ఎప్పుడైనా ఆగిందా, ఎన్ని రోజులు, కారణం ఏమిటి.

ఫార్మసిస్టు ముజీబ్ బీరువాలోంచి సాయిలు వైట్ కార్డు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. పెట్టి వెళ్లిపోకుండా నిలబడ్డాడు. పేజీలు తిప్పుతూ నేను రెండో ఏడాది దగ్గరికి వచ్చాను. ఒక నెల ఎంట్రీ లేదు. అంతకు ముందు నెల గడిలో ఇలా ఉంది: చేతి మీద కొత్త సూది గుర్తు కనిపించింది. మందు ఇవ్వలేదు. సూది పూర్తిగా మానాక రమ్మని చెప్పడమైనది.

"గిది మీ రైటింగే గద మేడం," అన్నాడు ముజీబ్ మెల్లగా.

నాదే. ఆ రోజు కొద్దికొద్దిగా గుర్తొచ్చింది. అతను బోధన్ కేంద్రానికి వెళ్లడం కొత్తగా మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి తప్పి సూది వేసుకున్నాడు. అలాంటి తప్పు జరగడం ఆ వైద్యంలో మామూలే, దానికి మందు ఆపకూడదు. నేను మాత్రం అతన్ని నిలబెట్టి మనోబలం గురించి పావుగంట మాట్లాడాను. మాట్లాడుతూ రెండు కప్పుల చాయ్ తాగాను. చక్కెర తగ్గించమని నా డాక్టరు చెప్పి అప్పటికి ఏడాదయింది. చివరికి ఖాళీ డబ్బాతో పంపించేశాను. అతను నెల దాటాక తిరిగొచ్చాడు.

అలా ఆపడం ఎందుకు ప్రమాదమో కొంచెం చెప్పాలి. మాత్రలోని మూడు మందులూ కలిసి ఉంటేనే వైరస్‌ను అణచగలవు. మాత్ర హఠాత్తుగా ఆపితే మిగతా రెండూ ముందుగా ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ఎఫావిరెంజ్ మాత్రం రెండు మూడు వారాల దాకా కొద్దికొద్దిగా మిగులుతుంది. వైరస్ పెరగడం మొదలుపెట్టే సమయానికి దానికి ఎదురుగా ఆ ఒక్క మందే, అదీ చాలీచాలనంత. దాన్ని తట్టుకోవడం వైరస్ అక్కడే నేర్చుకుంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. శిక్షణలో చెప్పారు, నోట్సు రాసుకున్నాను, ఆ పేజీ కింద గీత కూడా గీసుకున్నాను. కాకపోతే రోగి తనంతట తాను ఆపితే జరిగే నష్టమని అనుకున్నాను. డాక్టరు ఆపితే వైరస్ మర్యాద పాటిస్తుందని ఎక్కడా రాసి లేదు.

ఫారంలో కారణం గడి ముందు కాసేపు ఆగాను. ఆ గడిలో మామూలుగా రాసే మాట, రోగి రాలేదు. అబద్ధం కూడా కాదు, ఆ నెల అతను మందు తీసుకోలేదు. పెన్ను ఆ మాట వైపే వెళ్లింది. ముజీబ్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. అతను లేకపోతే ఏం రాసేదాన్నో నేను ఖాయంగా చెప్పలేను. వైద్యాధికారి ఇవ్వలేదు అని రాశాను.

ప్యానెల్ వీడియోలో కూర్చుంటుంది. పెద్ద ప్రొఫెసరు ఒకాయన ఫారం చదివి, ఆ వైద్యాధికారి ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారని అడిగారు. ఇక్కడే సార్, నేనే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. తిట్టలేదు. ఇలా ఎంతమందికి ఆపారు అని మాత్రం అడిగారు. చూసి చెబుతానన్నాను. వైరస్ జన్యుపరీక్షకు సాయిలు రక్తం పంపమన్నారు. ఎఫావిరెంజ్‌తో పాటు ఇంకో మందుకూ వైరస్ లొంగడం లేదని తరవాత రిపోర్టు వచ్చింది.

సాయిలును, గంగామణిని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. నా జీవితంలో నేను ఇచ్చిన అతి చిన్న ఉపన్యాసం అది. మందు పనిచేయకపోవడం అతని తప్పు కాదని, అప్పుడు నేను ఆపడం వల్ల జరిగి ఉంటుందని చెప్పాను. సాయిలు ఆశ్చర్యపోలేదు.

"గప్పుడు మూడుసార్లొచ్చిన మేడం. సూది మాన్న అని జెప్పెటందుకు. మీరు మీటింగుల ఉన్నరని గేటు కాడ్నుంచే వాపస్ తోలిన్రు," అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. నేను అడగలేదు కాబట్టి ఇన్నేళ్లు చెప్పలేదు, అంతే.

గంగామణి ఆ విషయం పట్టించుకోలేదు. ఆమె సూటిగా వేరే ప్రశ్న వేసింది.

"ఇన్ని దినాలు ఆయన రక్తంల గది పెరుగుతనే ఉండె గద. మరి నా సంగతేంది డాక్టరమ్మ?"

నా దగ్గర ఉన్న ఒకే సమాధానం పరీక్ష. చేయించాం. రిపోర్టు వచ్చేదాకా నేను టేబుల్ మీద కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. ఆమె మాత్రం వెంట తెచ్చుకున్న ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది. లేదని వచ్చింది. మూడు నెలల తరవాత మళ్లీ చేశాం. మళ్లీ లేదనే వచ్చింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు. నేను తనిఖీకి వెళ్లిన నాటికే వాళ్లిద్దరూ నిరోధ్ వాడుతూ జాగ్రత్తలో ఉన్నారు.

కొత్త మందులకు అనుమతి వచ్చింది. వాటిలో ఒక జత బుప్రెనార్ఫిన్‌ను ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది, దానివల్ల మగత రావచ్చు. ఈసారి మొదటి మాత్ర ఇవ్వకముందే సునందకు ఫోన్ చేసి ఏం చేద్దామని అడిగాను. నేను అడగడం ఆమెకు కొత్త. వాళ్ల డాక్టరుతో మాట్లాడి బుప్రెనార్ఫిన్ మోతాదు తగ్గించి చూస్తామని చెప్పింది. ఆరు నెలలకు సాయిలు రక్తంలో వైరస్ దొరకలేదు.

పసుపు మిల్లు యజమాని దగ్గరికి, సాయిలు సరేనన్నాక, నేనే వెళ్లాను. జబ్బు పేరు ఎత్తకుండా, నడుముకు సంబంధించి నేనిచ్చిన ఒక మాత్రను తప్పు వేళకు మింగమన్నందువల్ల తూలాడని, మత్తు కాదని చెప్పాను. ఆయన మర్యాదగా విని చాయ్ తెప్పించాడు. అప్పటికే ఇంకొకతన్ని పెట్టుకున్నాడు, తీసేయలేనన్నాడు. సాయిలు కొన్నాళ్లు భార్యకు ఆకు, పొగాకు తెచ్చిపెడుతూ ఉన్నాడు. తరవాత రుద్రూర్‌లో మోటార్లు బాగుచేసే షాపులో కుదిరాడు. జీతం మిల్లులో కన్నా తక్కువ.

ప్రొఫెసరు గారి ప్రశ్నకు జవాబు కోసం ముజీబ్, నేను కలిసి సూది అలవాటున్న రోగుల కార్డులన్నీ బయటికి తీశాం. నా చేతిరాతలో అదే వాక్యం మరో ఇద్దరి కార్డుల్లో దొరికింది. ఒకామెను పిలిపించి పరీక్ష చేసి మందులు మార్పించాం. రెండో అతను పోచంపాడ్ దగ్గర చేపలు పట్టేవాడు. ఏడాది కిందటే ఊరు వదిలి వెళ్లాడని చెప్పారు. అతని ఫోను కలవలేదు. నేను రిటైరయ్యేదాకా అతను ఏ కేంద్రంలోనూ కనబడలేదు. రెండు పేర్లూ ప్యానెల్‌కు రాసి పంపాను.

ఆ తరవాత మా కేంద్రంలో మూడు పనులు మారాయి. మాత్రల లెక్క ఫార్మసిస్టుకు అప్పగించాను. సూది గుర్తు కనిపించినా, తాగి వచ్చినా ఆ రోజు మందు ఇచ్చే పంపాలని రాసి గోడకు పెట్టాం. వైరల్ లోడ్ ఎక్కువ వచ్చినప్పుడు రోగిని పిలవకముందే వైట్ కార్డు మొదటి పేజీ నుంచి చదవాలన్నది మూడోది. మందు ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు రోగి ఒక్కడే జవాబు చెప్పాల్సినవాడు కాదు. ఆపిన డాక్టరు పేరు కూడా ఆ గడిలో రాయాలి.